గోడవైపు తిరిగిన పేర్లు

ఈ హైదరాబాద్‌లో రాయి ఖరీదు పెట్టకుండా పాలరాతి ఫలకాన్ని గోడకెక్కించిన మొనగాడు ఎవడైనా ఉంటే, వాడు నేనే. కొత్త రాయి కొనలేదు. మా చర్చిలో పాత రాయి ఒకటుండేది. దాన్ని తిరగేసి, నున్నగా ఉన్న వెనకవైపు కొత్త పేర్లు చెక్కించి, పాత పేర్లను గోడవైపు పెట్టించాను. రాయి ఎక్కడిదని అడక్కుండానే కమిటీ నన్ను మెచ్చుకుంది, చప్పట్లు కూడా కొట్టింది. అంత తెలివైన పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు. ఆ తెలివిని ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు.

మాది చిక్కడపల్లిలో స్టీలు సామాన్ల దుకాణం. అటుపక్క కిరాణా, ఇటుపక్క బట్టల షాపు, ఎదురుగా మిఠాయి. నేను మాటలు నేర్చింది గల్లా పక్కన వేసిన స్టూలు మీద. నారాయణగూడ మార్కెట్లో కొత్తిమీర అమ్మే ఆవిడ నన్ను దూరం నుంచి చూడగానే చిన్న కట్టలన్నీ ముందుకు జరుపుతుంది, ఎలాగూ ఒకటి ఊరికే లాక్కుంటానని. మా ఆవిడ నాతో బజారుకు రావడం ఎప్పుడో మానేసింది. ఆమెకు సిగ్గట. నాకు సిగ్గు లేదు. లేదనే అనుకుంటూ వచ్చాను. ఈ కథంతా ఆ సిగ్గు గురించే అని మీకు కాసేపట్లో తెలుస్తుంది.

మా సంఘంలో ప్రతి ఆదివారం ఒప్పుకోలు ప్రార్థన ఉంటుంది. పుస్తకం చూస్తూ అందరం ఒకేసారి చదువుతాం. అది హోల్‌సేల్. ఎవరి సరుకు ఎంతో తేలదు. ఎనిమిదేళ్ళు ఆ గుంపులో నా గొంతు కూడా కలిపి, అందరికంటే గట్టిగా చదివి, ఇంటికెళ్ళి సుఖంగా అన్నం తిన్నాను. విడిగా చెప్పుకోవడానికి మాకు చాటుగది లేదు, చెవి ఒగ్గే ఫాదరు లేడు. అందుకే మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. ఒక్క మాట ముందే తేల్చుకుందాం. నన్ను క్షమించమని అడగడానికి రాలేదు. మీరు క్షమిస్తే ఎంత, క్షమించకపోతే ఎంత? చేసింది చేశానని చెప్పడానికి వచ్చాను.

మా చర్చి చిక్కడపల్లికీ నారాయణగూడకీ మధ్య ఒక గల్లీలో ఉంటుంది. పెద్దది కాదు. నవాబుల కాలంలో, తెల్లదొరల బంగళాల్లో పని చేసుకునే పదకొండు మంది కలిసి మొదలుపెట్టారు. మొదట ఒక బంగళా వెనక రేకుల షెడ్డులో కూడుకునేవారట. తర్వాత తలా ఒక నెల జీతం వేసుకుని ఈ స్థలంలో పెంకుటిల్లు కట్టారు. ఒక దొరసాని వాళ్ళ పేర్లు రాతి మీద చెక్కించి ఇచ్చింది. పేరు, పక్కనే వాళ్ళు చేసే పని. అదీ ఆ రాయి. మా వాళ్ళు దాన్ని ‘పేర్ల రాయి’ అనేవారు. కానీ నాకు జ్ఞానం వచ్చేసరికే ఏటేటా వేసిన సున్నంతో అక్షరాలు పూడిపోయాయి. దాని ముందు ఎవరో చెప్పుల స్టాండు పెట్టారు. పేర్ల రాయి అని తెలుసు గానీ, పేర్లేమిటో చదివినవాళ్ళు లేరు.

ఒక్క సుగుణక్క తప్ప. ఆమె గురించి ఇప్పుడే చెప్పాలి. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. అశోక్‌నగర్‌లో, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ పైన రెండు గదుల్లో ఉంటుంది. ఆమె అమ్మమ్మ మార్తమ్మ ఆ పదకొండు మందిలో ఒకరు, ఆయాగా పనిచేసింది. మార్తమ్మకు ఒక్క ఫోటో లేదు. సమాధి ఉండేది గానీ, స్థలం చాలక ఆ చోట తర్వాత వేరేవాళ్ళను పెట్టారు. ఆమె పేరు ఈ లోకంలో ఎక్కడైనా రాసి ఉందంటే ఆ రాతి మీదే. సున్నంతో పూడకముందు, చిన్నప్పుడు, సుగుణక్క ఆ అక్షరాలను వేలితో తడుముతూ చదవడం నేర్చుకుందట. ఆ మాట మా అందరికీ కనీసం వందసార్లు చెప్పింది.

పెంకుటిల్లు కారిపోతోందని కొత్తది కట్టాలనుకున్నారు. కొనుగోళ్ళన్నీ నాకు అప్పగించారు. నేను లేకపోతే ఆ చర్చికి స్లాబు పడేది కాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, సరే, గొప్ప కోసమే చెబుతున్నాను. సిమెంటువాడితో, ఇనుమువాడితో, టైల్సువాడితో నేను ఆడిన బేరాలు వాళ్ళ పిల్లలకు కథలుగా చెప్పి ఉంటారు. చివర్లో రెండు పనులు మిగిలాయి. పాత పేర్ల రాయిని శుభ్రం చేయించి కొత్త గోడకు పెట్టించాలి. ప్రతిష్ఠ ఫలకం కోసం ఒక కొత్త రాయి కొనాలి.

కూల్చేటప్పుడు కూలీలు పాత రాయిని తీసి, గోనెపట్టా చుట్టి, స్టోరు గదిలో పెట్టారు, తాళం నా దగ్గరే. ఒక మధ్యాహ్నం దాన్ని చూడబోయాను. తడిగుడ్డ, ఒక మేకు తీసుకుని ఊరికే కూర్చుని సున్నం గీకడం మొదలుపెట్టాను. ఒక్కో పేరు బయటికొస్తోంది. ముచ్చటేసింది. ఆయా. వంటవాడు. తోటమాలి. చివరి వరుస మీద గుడ్డ రుద్దాను.

‘యేసుదాసు, గుర్రాలశాల ఊడ్చువాడు.’

మా తాత పేరు యేసుదాసు. నేను పుట్టకముందే పోయాడు. ఆయనకూ ఫోటో లేదు. మా నాన్న బజారులో అందరికీ చెప్పేవాడు, “మా నాయన గుర్రాల వ్యాపారం చేసిండు” అని. నేనూ అదే చెప్పాను. చిక్కడపల్లిలో పక్క దుకాణాలవాళ్ళు మూడు తరాల వ్యాపారులు, మేమూ మూడు తరాల వ్యాపారులం. ఆ మాట మీదే మా నాన్న వాళ్ళ సరసన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. గుర్రాలన్న మాట నిజమే. వ్యాపారమే లేదు. చీపురుంది.

నవ్వొచ్చింది మొదట. మా నాన్న నాకంటే గట్టి బేరగాడు, అబద్ధంలో సగం నిజం కలిపి అమ్మాడు అనుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ప్రతిష్ఠకు దుకాణదారుల సంఘం అధ్యక్షుడిని నేనే పిలిచాను. ఆయన వచ్చి, ఆ రాయి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఒక్కో పేరూ పైకి చదువుతాడు. బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేని మనిషి. చివరి పేరు దగ్గర ఆగి నావైపు తిరుగుతాడు. అదొక్కటే నాకు కనిపించింది. గుర్రాలశాల ఊడిస్తే తప్పేముంది? ఇప్పుడడుగుతున్నాను. అప్పుడు అడగలేదు. అప్పుడు నేను రాయిని వెనక్కి తిప్పి చూశాను. వెనక నున్నగా ఉంది.

అంతే. ఇంకేమీ ఆలోచించలేదు. కాదు, అబద్ధం. చాలా ఆలోచించాను. కొత్త రాయి ఖర్చు తప్పుతుంది, అది కమిటీకి చెప్పవచ్చు. పాత పేర్లు పోతాయి, అది ఎవరికీ చెప్పనక్కర్లేదు. పొదుపు అనే మాట వెనక ఎంత పెద్ద వస్తువునైనా దాచవచ్చని ఆ రోజు తెలిసింది.

ఆటోలో వేసుకుని రాళ్ళు చెక్కే ఖాదర్ భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రాయి తిప్పి చూసి, “సేఠ్, వెనక ఎవరివో పేర్లున్నయ్ గదా?” అన్నాడు. పాతవి, పనికిరావు అన్నాను. వారం తర్వాత వెళ్ళేసరికి కొత్త అక్షరాలు బంగారు రంగుతో మెరుస్తున్నాయి. వెనక పేర్ల మీద మాత్రం మందమైన ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులన్నీ అంటించి ఉన్నాయి. “సిమెంటు అక్షరాలల్ల దిగొద్దని పెట్టిన. ఎవరివైతే ఏంది, పేర్లు పేర్లే కదా” అన్నాడు. ఆ ప్లాస్టిక్‌కు డబ్బులు అడగలేదు. ఆ పేర్లలో ఒక్కటీ ఆయనది కాదు.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. గుమ్మం లోపల కుడివైపు గోడకు ఫలకం. ముఖ్య అతిథి పేరు, పాస్టరు గారి పేరు, కమిటీ పేర్లు. చివరి వరుసలో నాది. మా అధ్యక్షుడు చేతులు వెనక్కి కట్టుకుని అన్నీ పైకి చదివాడు. నా పేరు దగ్గర ఆగి భుజం తట్టాడు.

జనమంతా భోజనాలకు కదిలాక సుగుణక్క నా దగ్గరికి వచ్చింది.

“తమ్మి, పేర్ల రాయి ఏడ పెట్టిన్రు? నాకే కండ్లు కనవడ్తలేవా?”

“లేదక్కా. కూలగొట్టేటప్పుడు పగిలిపోయింది.”

“ముక్కలున్నయా?”

“మట్టి లారీల పోయినయి.”

“ఏ మట్టి? ఆ లారీలు ఏడ పోస్తయి?”

“నాకేం తెలుసక్కా, ఊరవతల యాడ్నో.”

“వంకాయలు కొంటె ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూస్తవు. మా అమ్మమ్మ రాయి పోతుంటె చూడకపోతివా, తమ్మి?” అంది. ఆ తర్వాత పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడింది.

మర్నాటి నుంచే కమిటీ వెతికి ఉండాల్సింది. వెతకలేదు. ఆ మాట కూడా చెప్పనివ్వండి. పగిలిందంటే ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఇప్పుడు మా సంఘంలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, బ్యాంకుల్లో పెద్ద ఉద్యోగాలున్నవాళ్ళున్నారు. వాళ్ళ ముత్తాత కాపలా కాశాడని గోడ మీద లేకపోవడం వాళ్ళకూ హాయిగానే ఉంది. నేను దొంగనైతే వాళ్ళు నిద్ర నటించిన ఇంటివాళ్ళు. ఈ మాట వాళ్ళ ముఖాన కూడా అంటాను. కానీ అంతమాత్రాన నా తప్పు చిన్నదైపోదని నాకు తెలుసు. సుగుణక్క నిద్ర నటించలేదు కదా. ఆయా అని రాసి ఉండటం ఆమెకు సిగ్గు కాదు, గర్వం. నాకు అవమానంగా కనిపించిన రాయి ఆమెకు కుటుంబం మొత్తం. ఒకే రాయి. నేను నా వైపునుంచే చూసుకున్నాను.

ఆ మరుసటి ఏడాది సంఘ వార్షికోత్సవంలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఉద్యోగం వచ్చిందని ఒకరు, ఆపరేషన్ బాగా జరిగిందని ఒకరు చెబుతారు. సుగుణక్క లేచింది. “రాయి పోయింది. అందుకని నేను చెప్తున్న, ఇనుండ్రి” అంది. చిన్నప్పుడు చదివిన పేర్లు వరుసగా చెప్పింది. మార్తమ్మ, ఆయా. లాజరు, వంటవాడు. అలా తొమ్మిది. ఆగింది. “ఇంకిద్దరున్నరు. యాదికొస్తలేరు” అని కూర్చుంది.

ఆ ఇద్దరు నాకు తెలుసు. దీపాలు తుడిచే లూదియమ్మ. మా తాత. మూడో బెంచీలో కూర్చుని ఉన్నాను. లేచి రెండు పేర్లు చెబితే సరిపోయేది. నీకెలా తెలుసంటే, మా నాన్న చెప్పాడని బొంకవచ్చు. నాకు బొంకడం రాదా? నోరు లేవలేదు. పైగా హమ్మయ్య అనిపించింది, ఆమె మరిచిపోయినవాళ్ళలో మా తాత ఉన్నందుకు. మనవడిని నేను. అనిపించింది, అంతే, దాచడం దేనికి?

ప్రతి ఏడాదీ ఆమె లేచేది. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, తర్వాత ఏడు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు ముదిరి, బెంచీ వదిలి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టింది. వీపు సరిగ్గా ఆ ఫలకానికి ఆనేది. నేనామెకు రెండుసార్లు కుర్చీ మార్చి చూశాను, ఫ్యాను గాలి రాదని సాకు చెప్పి. ఆమె మళ్ళీ అక్కడికే జరుపుకునేది.

ఈ ఏడాది లేచింది. లాజరు అంది. పౌలు అంది. మరో నలుగురి పేర్లు చెప్పింది. మొత్తం ఆరు. చుట్టూ చూసి, చాలు అన్నట్టు కూర్చుంది. కుర్రవాళ్ళు ప్రేమగా చప్పట్లు కొట్టారు. ఎవరూ గమనించలేదు. మార్తమ్మ పేరు రాలేదు. ఆమె నోటి నుంచి ఆమె అమ్మమ్మ పేరే జారిపోయింది. జారిపోయిందని కూడా ఆమెకు తెలియలేదు.

అప్పుడు తెగింది నాలో ఏదో. ఇన్నేళ్ళు నాకొక లెక్క ఉండేది. రాయి గోడలో ఉన్నా పేర్లు ఆమె తలలో ఉన్నాయి, కాబట్టి పోయిందేమీ లేదు అని. ఆ లెక్క ఆ పూట తప్పింది.

రెండు రోజులు ఆగి, పక్క గల్లీలో ఇల్లు కడుతున్న మేస్త్రీని చర్చికి పిలిచి, వేరే పనిలా అడిగాను. అతను ఫలకం అంచు గోటితో గీకి చూసి, “ఎనిమిదేండ్ల సిమెంటు సార్. తీస్తే ముక్కలైతది, గ్యారంటీ ఇయ్య” అన్నాడు. నేను చెప్పిన అబద్ధం నిజం కావడానికి ఒక్క సుత్తిదెబ్బ దూరంలో ఉందన్నమాట.

బుధవారం పొద్దున అశోక్‌నగర్ వెళ్ళాను. మెట్ల మీద కుర్రాళ్ళు కరెంట్ అఫైర్స్ పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు, దారి ఇచ్చారు. సుగుణక్క మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. కూర్చో అంది. నేను నిలబడే చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, పొదుపు మాటతో సహా, మా తాత చీపురుతో సహా.

ఆమె చేతులు ఆగలేదు. ఒక కాయ, ఇంకో కాయ.

“ఎనక దిక్కున్నదా?” అంది చివరికి.

“ఔనక్కా. గోడ దిక్కు.”

“అంటె నేను దానికే ఒరిగి కూసుంటున్ననా ఇన్నొద్దులు?”

ఔనన్నట్టు తలూపాను.

“ఏమని రాసున్నది, మా అమ్మమ్మది?”

“మార్తమ్మ. ఆయా.”

“మార్తమ్మ.” కాయ పక్కన పెట్టింది. కొత్త మాట నేర్చుకుంటున్నట్టు రెండుసార్లు అనుకుంది. “తీపియ్యి.”

“తీస్తే పగుల్తదక్కా. మేస్త్రీని అడిగిన.”

“పగిలితె పగలనియ్యి. ఎనిమిదేండ్ల కిందనే పగిలిందంటివి గద? ముక్కలన్న ఇస్తవు.”

నేను నోరు తెరిచాను. క్షమించమని కాదు, ఏదో ఒకటి అనాలని. ఆమె చెయ్యెత్తింది.

“నన్నేం అడగకు, తమ్మి. ఇయ్యడానికి నా తాన ఏం లేదు. పోయేటప్పుడు తలుపు దగ్గరికేసి పో, కోతులొస్తున్నయి.”

తలుపు దగ్గరికేసి దిగాను. కింద కుర్రాళ్ళు మళ్ళీ దారి ఇచ్చారు. నారాయణగూడ దాకా నడిచే వచ్చాను. నన్ను ఎవరూ మన్నించలేదు. అయినా ఊపిరి సాఫీగా ఆడింది. చాలా రోజుల తర్వాత.

ఈ ఆదివారం కమిటీ ముందు చెబుతాను. ఫలకం తీయాలంటే ముఖ్య అతిథి పేరు, పాస్టరు గారి పేరు, వాళ్ళందరి పేర్లూ పగలాలి. అరుస్తారు. అరవనివ్వండి. కమిటీ నుంచి తీసేస్తారు. తీసేయనివ్వండి. తర్వాత సిమెంటు ఎవడు బేరమాడతాడో చూస్తాను. బజారులో కూడా చెబుతాను, మా తాత గుర్రాల వ్యాపారి కాదు, ఆ గుర్రాల కింద ఊడ్చిన మనిషి అని. నెల జీతం తెచ్చి ఈ చర్చిలో పెట్టిన మనిషి. మా నాన్న ఆయన పనిని మార్చి చెప్పాడు, నేను ఆయన పేరును గోడవైపు తిప్పాను. మూడు తరాల వ్యాపారమంటే ఇదే.

రాయి ముక్కలైతే ముక్కల మీద ఏ పేర్లు మిగులుతాయో తెలియదు. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను, నేను చదివిన వరుసలోనే. మార్తమ్మ, ఆయా. లాజరు, వంటవాడు. దేవదాసు, తోటమాలి. రాహేలమ్మ, ఆయా. పౌలు, బగ్గీ తోలువాడు. ఎస్తేరమ్మ, బట్టలు ఉతుకునది. సమూయేలు, కాపలా. శాంతమ్మ, పాలు పితుకునది. యాకోబు, నీళ్ళు మోయువాడు. లూదియమ్మ, దీపాలు తుడుచునది. యేసుదాసు, గుర్రాలశాల ఊడ్చువాడు.

ఇక బిల్లు. దీంట్లో తగ్గింపు అడగను. మిగిల్చింది ఒక రాయి. చెప్పిన అబద్ధం ఒకటి, లేచి సరిదిద్దగలిగీ కూర్చుండిపోయిన వార్షికోత్సవాలు ఎనిమిది. గోడవైపు తిప్పిన పేర్లు పదకొండు, వాటిలో పది నావి కావు. ఒక ముసలావిడ వేలికి అందాల్సిన మూడు అక్షరాలు, ఆమెకు చదవగలిగే చూపు, తలచుకోగలిగే మతి ఉన్న ఎనిమిదేళ్ళు. రాయి తిరిగి ఇవ్వగలను, ముక్కలుగానైనా. ఆ ఎనిమిదేళ్ళు నా దగ్గర లేవు.